విష్ణుక్రాంత ఎందుకు మసకబారింది: ఒక మాక్రో కేసు

నేపథ్యం

నేను మాక్రో ఫొటోగ్రఫీ, అంటే చిన్న చిన్నవాటిని బాగా దగ్గరినుంచి పెద్దగా తీయడం, నేర్పుతాను. ఈ కేసులోని వ్యక్తిని మాస్టారు అని పిలుస్తాను. ఆయన ఊరు, పనిచేసిన బడి, కొన్న కెమెరా కంపెనీ ఏవీ చెప్పను. రాసుకోవడానికి ఆయన ఒప్పుకున్నది ఆ షరతు మీదే. అరవై దాటిన మనిషి, బోటనీ చెప్పి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వార్షికోత్సవాలకీ గ్రూపు ఫొటోలకీ కెమెరా పట్టింది ఆయనే. ఈ చివరి సంగతి అప్పట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు. తీరా చూస్తే కేసు ముడి అక్కడే ఉంది.

వినాయక చవితి నాటికి ఆయన ఒక చార్టు తయారుచేయాలనుకున్నారు. ఏకవింశతి పత్రిలోని 21 మొక్కలకూ ఆకు పక్కన పువ్వు ఫొటో. "పిల్లలు ఏటా పత్రి కోసుకొస్తారు బాబూ, పువ్వు చూపించి ఏ మొక్క అంటే తెల్లమొహం వేస్తారు" అన్నది ఆయన బాధ. దానికోసమే, అప్పటికే తన దగ్గరున్న 24 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సర్ (కాస్త చిన్న సెన్సర్) కెమెరాకి ఒక 100 మి.మీ. మాక్రో లెన్స్ కొన్నారు.

ఉమ్మెత్త, గన్నేరు, దానిమ్మ, జాజి హాయిగా వచ్చేశాయి. రావిపువ్వు బయటికి కనపడదు, మనం కాయ అనుకునేదాని లోపలే పూలుంటాయి, కాబట్టి దాన్ని కోసి తీశారు. దేవదారు హిమాలయాల చెట్టు, పైగా దానికి పువ్వే ఉండదు, శంకువులు ఉంటాయి. ఆ గడిలో బొమ్మ గీస్తానన్నారు. చిక్కంతా చిన్న పూలతో వచ్చింది: విష్ణుక్రాంత, ఉత్తరేణి, తులసి, గరిక.

విష్ణుక్రాంత అంటే కొందరు శంఖపుష్పం తీగ అనుకుంటారు. మాస్టారి చార్టులోది అది కాదు. నేల మీద పాకే చిన్న మొక్క, ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్. సెంటీమీటరు కూడా లేని నీలం పువ్వు. ఆ ప్రజాతిని పట్టించే గుర్తు పువ్వు మధ్యలో ఉంటుంది: కీలాలు, అంటే అండాశయం మీంచి లేచే సన్నని కాడలు, రెండు, ఒక్కొక్కటీ మళ్లీ రెండుగా చీలి ఉంటుంది. మాస్టారికి కావలసింది ఆ నాలుగు పోగులు. పువ్వు అందంగా ఉంటే చాలదు, ఆ నాలుగూ లెక్కపెట్టగలిగేలా ఉండాలి. నాకు ఈ కేసు నచ్చడానికి సగం కారణం ఇదే. "షార్ప్‌గా" అంటే ఏమిటో ఇంత కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు నా దగ్గరికి అరుదుగా వస్తారు.

వచ్చిన ఫిర్యాదు

"లెన్స్ పాడైంది." ఫోన్లో ఆయన మొదటి మాట ఇది. అప్పటికే లెన్స్‌ని ఒక సర్వీస్ సెంటర్లో చూపించారు. బాగానే ఉందని తిప్పి పంపారు. ఆయన నమ్మలేదు. ఆషాఢం సగం గడిచింది, చవితికి నెలన్నర పైచిలుకు ఉంది, టెన్షన్ గొంతులోనే తెలుస్తోంది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ఫొటోలు చూడకుండానే ఫోన్లో మందు చెప్పేశాను. ట్రైపాడ్ మీద పెట్టండి, అపర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం) ఎఫ్/22 దాకా మూయండి అన్నాను. ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ రంధ్రం సన్నబడుతుంది, షార్ప్‌గా వచ్చే మందం పెరుగుతుంది. ఎదుటి మనిషి లక్షణం చెప్పకముందే చీటీ రాసేసే వైద్యుడి తీరు. మాక్రో తీసే ఎవరినడిగినా ఈ రెండు మాటలే చెబుతారు కాబట్టి తప్పేం కాదనుకున్నాను. మాస్టారు వారం రోజులు నేను చెప్పినట్టే చేశారు. ఫొటోలు అంతకుముందు కంటే అధ్వానంగా వచ్చాయి.

ఎందుకో తర్వాత విడమరిచి చూస్తే రెండు కారణాలు తేలాయి. విష్ణుక్రాంత పువ్వు నేలకి నాలుగైదు వేళ్ల ఎత్తులో ఉంటుంది. మాస్టారి ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా పరిచినా కెమెరా అంత కిందికి దిగదు. దిగని ట్రైపాడ్‌ని గట్టు మీద ఏటవాలుగా నిలబెడితే వానకి నానిన నల్లరేగడిలో ఒక కాలు మెల్లగా దిగబడుతూ పోయింది. ఎఫ్/22 వల్ల షటర్ స్పీడ్ సెకనులో 15వ వంతుకి పడిపోయింది. అంతసేపు తెరుచుకున్న షటర్ ముందు ఆషాఢం గాలికి పువ్వు ఊగింది. అంటే ట్రైపాడ్ కెమెరాని నిలబెట్టలేదు, నిలబెట్టినా పువ్వు నిలబడదు.

రెండో కారణం అపర్చర్‌దే. దగ్గరికి వెళ్లేకొద్దీ కెమెరాలో పెట్టిన ఎఫ్ నంబరు ఒకటి, సెన్సర్‌కి అందేది ఒకటి. పెట్టిన నంబరుని (1 + మాగ్నిఫికేషన్)తో హెచ్చవేస్తే అసలు నంబరు వస్తుంది. ఆయన 0.8 మాగ్నిఫికేషన్ దగ్గర తీస్తున్నారు, అంటే సెన్సర్ మీద పడే బొమ్మ పువ్వు అసలు సైజులో 0.8 వంతు. ఎఫ్/22 పెడితే పనిచేసేది ఎఫ్/40 అన్నమాట. అంత సన్న రంధ్రంలోంచి వచ్చే కాంతి చుక్కగా పడదు, డిఫ్రాక్షన్ వల్ల పరుచుకుంటుంది. ఎఫ్/40 దగ్గర ఆ చుక్క వెడల్పు సుమారు 0.05 మి.మీ. ఆయన సెన్సర్‌లో ఒక పిక్సెల్ సుమారు 0.004 మి.మీ. అంటే ఒక బిందువు పది పదమూడు పిక్సెళ్ల మీద అలుక్కుపోతోంది. సన్నని కీలాలు దానికి తట్టుకుంటాయా? కొన్ని కంపెనీల కెమెరాలు దగ్గరికి వెళ్తున్నకొద్దీ మారిన నంబరునే చూపిస్తాయి, కొన్ని పెట్టిన నంబరునే చూపిస్తూ ఊరుకుంటాయి. ఆయనది రెండో రకం.

కుప్పలు పోసి చూడటం

రెండో వారం ఆయన్ని ఫొటోలన్నీ పట్టుకుని రమ్మన్నాను. 180 దాకా ఉన్నాయి, నా మందు వాడకముందువీ తర్వాతవీ కలిపి. ముందుగా లెన్స్ సంగతి తేల్చాం. గదిలో స్కేలుని 45 డిగ్రీల ఏటవాలుగా పెట్టి, కెమెరాని బల్ల మీద కదలకుండా ఉంచి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) పెద్దది చేసి ఫోకస్ పెట్టి, 2 సెకన్ల టైమర్‌తో ఎఫ్/8లో తీశాం. స్కేలు మీది గీతలు వెంట్రుకల్లా వచ్చాయి. వ్యూ ఫైండర్లో ఆటో ఫోకస్‌తో తీసినా గీత తప్పలేదు. సర్వీస్ సెంటర్ చెప్పింది నిజమే. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. లెన్స్‌ది తప్పయితే ఆయనకే సుఖంగా ఉండేది.

తర్వాత 180 ఫొటోలనీ ఒక్కొక్కటే తెరిచి ఒకే ప్రశ్న వేశాం: ఈ ఫొటోలో ఎక్కడైనా, ఏదైనా, షార్ప్‌గా ఉందా?

ఈ ప్రశ్న చాలా పని చేస్తుంది. పువ్వు మసకగా ఉండి దాని వెనక మట్టి బెడ్డో, ముందున్న ఆకు అంచో కత్తిలా ఉంటే ఫోకస్ పడింది, కాకపోతే వేరేచోట పడింది. ఏదీ షార్ప్‌గా లేకుండా, ప్రతి అంచూ ఒకే దిక్కుకి సాగినట్టుంటే చెయ్యి కదిలింది. కింది కాడ, ఆకు నిలకడగా ఉండి పువ్వు మాత్రమే సాగితే గాలి. ఎక్కడా సాగిన గుర్తు లేదు, మొత్తం పలచటి తెర వేసినట్టుందంటే డిఫ్రాక్షన్‌ని అనుమానించాలి, లేదా లెన్స్ ముందు అద్దం మీద వేలిముద్రని. మాస్టారు వీటికి పేర్లు కూడా పెట్టారు: తప్పిపోయినవి, వణికినవి, ఊగినవి, నీరసించినవి.

నీరసించినవన్నీ నా ఎఫ్/22 వారంలోవే. ఊగినవాటిలో ఎక్కువ ఉత్తరేణివి. నడుమెత్తు పెరిగే మొక్క, పొడవాటి వెన్ను, గాలికి అది ఊగకుండా ఎలా ఉంటుంది. కానీ విష్ణుక్రాంత ఫొటోల్లో, ట్రైపాడ్ వారం వదిలేస్తే, ఊగినవి చాలా తక్కువ. నేలకి దగ్గరగా గాలి బలం తగ్గిపోతుంది మరి. అక్కడి కుప్ప దాదాపు అంతా తప్పిపోయినవే. మట్టి రేణువులు లెక్కపెట్టొచ్చు, కీలాలు మాత్రం పొగలో ఉన్నాయి.

ఆయన ఒకే పేరుతో పిలుస్తున్నది నాలుగు వేర్వేరు జబ్బులని, ఒక్కో పువ్వుకి ఒక్కోటి ముదిరిందని అప్పుడు స్పష్టమైంది. నేను మాత్రం అన్నింటికీ ఒకే మాత్ర ఇచ్చాను.

ఫోకస్ ఎందుకు తప్పుతోంది

లెన్స్ బాగుంది, ఆటో ఫోకస్ బాగుంది, అయినా ఫోకస్ తప్పుతోంది. ఇది ఫొటోలు చూస్తే తేలేది కాదు, మనిషిని చూడాలి. మర్నాడు ఉదయం ఆయన తీసే చోటికే వెళ్లాను. ఎనిమిదింటికి గట్టు మీద నీలం చుక్కలు విచ్చుకుని ఉన్నాయి. ఈ పువ్వుతో ఒక ఇబ్బంది ఉంది. గాలి పడిపోయి ఉండే తెల్లవారుజామున ఇది ముడుచుకునే ఉంటుంది, మధ్యాహ్నానికి మళ్లీ వాలిపోతుంది. మనకున్నది ఆ మధ్యలో మూడు నాలుగు గంటలే.

ఆయన గొంతుకు కూర్చుని, మధ్య ఫోకస్ పాయింటుని పువ్వు మీద పెట్టి, బటన్ సగం నొక్కి, బీప్ వినగానే పువ్వు ఫ్రేములో ఒక పక్కకి వచ్చేలా కెమెరా జరిపి, ఊపిరి తీసుకుని నొక్కారు. గ్రూపు ఫొటోలు తీసినవాళ్లందరి అలవాటూ ఇదే. నాలుగు మీటర్ల దూరంలో ముప్పై మంది పిల్లలు నిలబడి ఉంటే ఈ పద్ధతికి వంక పెట్టడానికి లేదు. అక్కడ ఒక అంగుళం ముందుకీ వెనక్కీ ఊగినా ఎవరికీ తెలియదు.

ఇక్కడ లెక్క వేరు. 0.8 మాగ్నిఫికేషన్, ఎఫ్/8, క్రాప్ సెన్సర్ అంటే షార్ప్‌గా కనిపించే మందం మొత్తం 0.9 మి.మీ. ఒక బియ్యపు గింజ మందం కంటే తక్కువ. నేను మట్టిలో బడి స్కేలు ఒకటి గుచ్చి, పక్కనుంచి ఫోన్లో వీడియో తీశాను. బీప్‌కీ క్లిక్‌కీ మధ్య ఒక సెకను గడుస్తోంది, ఆ సెకనులో లెన్స్ మూతి స్కేలు మీద ఐదారు మిల్లీమీటర్లు ముందుకి జరుగుతోంది. గొంతుకు కూర్చున్న మనిషి ఊపిరి తీసుకుంటే ఆ మాత్రం ఊగకుండా ఎలా ఉంటాడు?

వీడియో చూపించగానే మాస్టారు నవ్వేశారు. "ముప్పై ఏళ్లుగా పిల్లల్ని కదలొద్దని తిట్టాను. కదిలింది నేనన్నమాట."

చేసి వదిలేసినవి

బీప్ తర్వాత ఫ్రేము జరపొద్దు, ఫోకస్ పాయింటునే పువ్వు మీదికి జరపండి అన్నాను. కొంత మెరుగైంది, పూర్తిగా కాదు. కీలాలు మరీ సన్నవి, లేతవి. ఆటో ఫోకస్‌కి పట్టుకోవడానికి చాలినంత తేడా అక్కడ లేదు. అది పూరేకు అంచునో, కింది మట్టినో పట్టుకుని తృప్తి పడుతోంది. ఎడతెగకుండా ఫోకస్ వెతికే మోడ్ పెడితే లెన్స్ ముందుకీ వెనక్కీ గిరగిరా తిరిగి, ఒక్కోసారి పువ్వుని దాటిపోయి వెనక గట్టు మీద స్థిరపడింది. ఫోకస్ వెతికే దూరాన్ని కట్టడి చేసే లిమిటర్ స్విచ్ లెన్స్ మీద ఉంటుంది, అది వేస్తే ఆ పరుగు తగ్గింది, గురి మాత్రం కుదరలేదు.

సరే, మాన్యువల్ ఫోకస్ అనుకున్నాం. మొదటి రోజు అదీ ఘోరంగా విఫలమైంది. ఫైండర్లో కీలాలు స్పష్టంగా కనిపిస్తున్నాయంటారు, ఫొటోలో ఉండవు. ఆయన కళ్లజోడు రెండు పవర్లది. కింది గాజులోంచి చూస్తున్నారో పైదానిలోంచో ఆయనకే తెలియదు. చూసేవాళ్ల కంటికి తగ్గట్టు ఫైండర్‌ని సర్దడానికి దాని పక్కనుండే డయాప్టర్ చక్రాన్ని కెమెరా కొన్నప్పటి నుంచీ ఎవరూ ముట్టుకోలేదు. కళ్లజోడు తీయించి, ఆకాశం వైపు కెమెరా పెట్టి, ఫైండర్లోని ఫోకస్ పాయింట్ల గళ్లు నల్లగా, పదునుగా కనిపించేదాకా ఆ చక్రం తిప్పాం. పువ్వుని చూస్తూ తిప్పకూడదు, గళ్లని చూస్తూనే తిప్పాలి. రెండు నిమిషాల పని. నిజం చెప్పాలంటే, ఇది మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న. యాభై దాటినవాళ్లు ఎవరొచ్చినా ఇప్పుడు ముందుగా కళ్లజోడు సంగతే అడుగుతున్నాను.

పని చేసింది

ఫోకస్ రింగు తిప్పి పువ్వుని వెతకడం మానేశాం. రింగుని ఒకచోట పెట్టి, కదలకుండా ఇన్సులేషన్ టేపు అంటించాం. ఇక కెమెరా, పువ్వు మధ్య దూరమే ఫోకస్. మాస్టారు బోర్లా పడుకుని, మోచేతులు నేలకి ఆనించి, వడ్లు పోసి కుట్టిన పాత లుంగీ సంచి మీద కెమెరా పెట్టారు. ఊపిరి వదులుతూ ముందుకి ఒరుగుతారు. పూరేకులు తేలతాయి, ఆ వెంటనే కేసరాలు, కీలాలు తేలతాయి, మళ్లీ మాయమవుతాయి. కీలాలు తేలబోతున్నాయనగా నొక్కాలి, తేలాక కాదు. వేలికి ఆజ్ఞ చేరేలోపే మిల్లీమీటరు గడిచిపోతుంది. ఒక్కో పువ్వుకి ఐదారు సార్లు ఇలా. ఆయన శరీరం ఊగడాన్ని ఆపాలని వారం రోజులు చూశాం. ఆ ఊగడాన్నే ఫోకస్ రింగుగా వాడుకుంటే పని తేలికైంది.

మాగ్నిఫికేషన్ ఎంత పెట్టాలన్న దగ్గర చిన్న వాదన జరిగింది. ఆయనకి పువ్వు ఫ్రేము నిండా కావాలి. అప్పుడు నేను అడగాల్సిన ఇంకో ప్రశ్న గుర్తొచ్చింది: చార్టులో ఒక్కో పువ్వు ఎంత సైజు? 18 × 24 అంగుళాల కాగితం మీద 21 మొక్కలు, ఆకుతో సహా. లెక్కేస్తే పువ్వుకి దక్కేది 3 అంగుళాలు. కంప్యూటర్ తెర మీద నూరు శాతం పెద్దది చేసి చూసుకుంటూ ఆయన ఇన్నాళ్లూ బాధపడుతున్నది ఎవరూ చూడని సైజు గురించి.

దాంతో సగానికి, అంటే 0.5 మాగ్నిఫికేషన్‌కి వెనక్కి వచ్చాం. ఎఫ్/11లో షార్ప్‌గా ఉండే మందం 2.6 మి.మీ. అయింది. మేం చూసిన పువ్వుల్లో పూరేకుల నుంచి కీలాల కొసల దాకా లోతు రెండు మూడు మిల్లీమీటర్లు, దాదాపు సరిపోయింది. సెన్సర్‌కి అందే నంబరు ఎఫ్/16.5, కాబట్టి డిఫ్రాక్షన్ కూడా అదుపులో ఉంది. పువ్వు చుట్టూ 12 మి.మీ. మేర కత్తిరిస్తే 1,500 పిక్సెళ్లు మిగిలాయి. 3 అంగుళాల అచ్చుకి ఎక్కువే.

వెనక్కి జరిగితే డెప్త్ (షార్ప్‌గా ఉండే మందం) ఉచితంగా వస్తుందని కొందరు చెబుతారు. అది సగం నిజం. కత్తిరించి మళ్లీ పెద్దది చేస్తే ఆ మసక కూడా పెద్దదవుతుంది. మాకు లాభించింది అచ్చు చిన్నది కావడం వల్లే. ఆయన ఆ పువ్వుని గోడంత పోస్టర్ వేస్తానని ఉంటే ఈ దారి పనికిరాదు.

కెమెరా ఉంచిన కోణం గురించి ఒక్క మాట. విష్ణుక్రాంత పువ్వు పళ్లెంలా పరుచుకుని ఉంటుంది. షార్ప్‌గా వచ్చేది ఒక పలచటి పొర, అది సెన్సర్‌కి సమాంతరంగా ఉంటుంది. పక్కనుంచి తీస్తే ఆ పొర పువ్వుని ముక్కలా కోస్తుంది, ఒక రేకు వచ్చి నాలుగు పోతాయి. నెత్తి మీదనుంచి, పళ్లేనికి ఎదురుగా తీస్తే పువ్వంతా ఆ పొరలో కూర్చుంటుంది. మాస్టారికి దీన్ని వివరించనక్కర్లేకపోయింది. మైక్రోస్కోపు కింద అడ్డుకోతలు చూపించిన మనిషి, తలూపి ఊరుకున్నారు.

వెలుతురు

ఎఫ్/11లో, మబ్బు వెలుతురులో, చెయ్యి కదలనంత షటర్ స్పీడ్ రావాలంటే ఐఎస్ఓ, అంటే సెన్సర్ సున్నితత్వం, బాగా పెంచాలి. పెంచితే గింజలు పడి కీలాలు మళ్లీ కలిసిపోతాయి. అందుకని ఫ్లాష్ తెచ్చాం. ఇక్కడ పువ్వుని ఆపేది షటర్ కాదు, ఫ్లాష్ మెరుపు. తక్కువ పవర్లో ఆ మెరుపు సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువలోనే ముగిసిపోతుంది. షటర్ 1/200, ఐఎస్ఓ 200, ఫ్లాష్ 1/16 దగ్గర పెట్టి, ముందు ట్రేసింగ్ పేపరు రెండు పొరలు కట్టాం.

మొదటి రోజు ఫొటోల్లో ప్రతి పూరేకు అంచుకీ ఒక నీడ అంచు వచ్చింది, జోడు బొమ్మలా. తొమ్మిదిన్నర ఎండ అది. ఫ్లాష్ ఆపిన పువ్వు ఒకటి, 1/200 సెకను పాటు ఎండలో కదిలిన పువ్వు ఒకటి, రెండూ ఒకే ఫొటోలో పడ్డాయి. ఫ్లాష్ ఒక్కదాని బొమ్మే మిగలాలంటే, ఫ్లాష్ లేకుండా అదే సెట్టింగులతో తీసిన ఫొటో దాదాపు నల్లగా రావాలి. మాస్టారి నల్ల గొడుగు పట్టాం. నీడా వచ్చింది, గాలీ ఆగింది. ఈ కేసులో పెట్టిన ఖర్చుకి తగ్గ ఫలితం ఏ వస్తువు ఇచ్చిందంటే గొడుగే ఇచ్చింది.

ఫ్లాష్‌ని కెమెరా నెత్తి మీద ఉంచితే ఆకుల మీది పట్టులాంటి నూగు చదునైపోయింది. తీగతో పక్కకి తెచ్చి ఏటవాలుగా కొడితే నూగు వెంట్రుకలు ఒక్కొక్కటీ లేచాయి. ఫోకస్ అంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే, అయినా చూసినవాళ్లంతా రెండోదే షార్ప్‌గా ఉందన్నారు.

తులసికి ఇదే పద్ధతి నడిచింది. ఒక్క తేడా, నిలువు వెన్ను కాబట్టి వెనక దూరంగా ఉన్నదేదీ ఫ్లాష్‌కి అందక నల్లగా పడింది. "రాత్రి తీసినట్టుంది, తులసికోట దగ్గర దొంగల్లా" అన్నారు ఆయన ఇల్లాలు. వెనక జానెడు దూరంలో ఒక బాదం ఆకు పట్టుకుంటే పచ్చగా మారింది.

ఉత్తరేణి వేరే కథ

బట్టలకి అంటుకునే ఉత్తరేణి ముళ్లు అందరికీ తెలుసు, పువ్వు ఎవరూ చూడరు. వెన్ను పొడవునా చిన్న చిన్న పూలు, ఒక్కోటి చుట్టూ ముళ్లలాంటి పత్రకాలు. పూత కొత్తలో బయటికి చూస్తాయి, తర్వాత కిందికి వంగి కాడకి అతుక్కుంటాయి. ముందూ వెనకా లోతు ఆరు మిల్లీమీటర్లు. పళ్లెంలా పరుచుకోదు కాబట్టి ఏ కోణంలో చూసినా ఒక్క పొరలో ఇమడదు. 0.5 దగ్గర ఎఫ్/11 సరిపోదు, ఎఫ్/22కి మళ్లీ వెళ్లేది లేదు. ఒక్కో పొర మీద ఫోకస్ పెట్టి ఎన్నో ఫ్రేములు తీసి, షార్ప్‌గా ఉన్న భాగాలన్నీ కలిపి ఒకే బొమ్మ చేయొచ్చు, కానీ గాలికి ఊగే వెన్ను మీద అది కుదిరే పని కాదు.

రెమ్మ కోసి ఇంటికి తెచ్చాం. కలుపు మొక్కే, ఒక రెమ్మ పోతే నష్టం లేదు. విష్ణుక్రాంతకి ఈ దారి లేదు, కోసిన పావుగంటకే పువ్వు ముడుచుకుంటుంది. రెమ్మని చవితి బొమ్మ కోసం తెచ్చిన బంకమట్టి ముద్దలో గుచ్చి, కెమెరాని చవక రకం ఫోకసింగ్ రెయిల్ (స్క్రూ తిప్పితే కెమెరాని కొద్దికొద్దిగా జరిపే పట్టా) మీద ఎక్కించాం. 1:1 (సెన్సర్ మీద అసలు సైజు బొమ్మ), ఎఫ్/5.6, షార్ప్ మందం 0.45 మి.మీ. ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా 0.3 మి.మీ. చొప్పున జరపాలి. ఆ రెయిల్ స్క్రూ ఒక చుట్టుకి మిల్లీమీటరుంపావు జరుగుతుంది, కాబట్టి ఫ్రేముకి పావు చుట్టు. ఆరు మిల్లీమీటర్లకి 20 ఫ్రేములు.

మొదటి 20 కలిపితే గొంగళిపురుగులా వచ్చింది. సీలింగ్ ఫ్యాన్. ఆపాం. రెండోసారి సగం నుంచి బొమ్మ పక్కకి జరిగింది. బల్ల పక్కన ఎవరు నడిచినా బల్ల కదులుతోంది. మొత్తం సరంజామా గచ్చు మీదికి దించాం. మూడోసారి కూడా ఏదో జరుగుతోంది. ఈసారి రెమ్మే, కోసిన కొత్తలో మెల్లగా ఒరుగుతోంది. అరగంట ఆగాం. శ్రావణమాసం ఉక్కలో ఫ్యాన్ లేకుండా అరగంట. వంటింట్లోంచి వచ్చిన వ్యాఖ్యలు ఇక్కడ రాయను.

నాలుగోది కుదిరింది. ఫొటోషాప్‌లో లేయర్లు సరిపెట్టి కలిపితే ముళ్ల కొసల చుట్టూ పలచటి మసక వలయాలు మిగిలాయి. ఒక ముల్లు వెనకదాన్ని దాటే చోటల్లా ఇది వస్తుంది. ఆ చోట్ల మాత్రం ఒకే ఫ్రేము నుంచి తీసుకుని చేత్తో దిద్దాను. నాలుగు గంటల పని, మూడు అంగుళాల బొమ్మకి. ఇంకొకరైతే వద్దనేవాణ్ని.

నా పద్ధతిలో మార్చుకున్నవి

ఫొటోలు చూడకుండా ఫోన్లో సలహా చెప్పడం మానేశాను. మందు చెప్పేముందు బాగాలేని ఫొటోలే పంపమంటున్నాను, బాగున్నవి కాదు. మామూలుగా మనుషులు బాగున్నవి పంపుతారు, వాటిలో జబ్బు కనపడదు.

ఎంత సైజులో అచ్చు వేస్తారు, ఏ భాగం కచ్చితంగా కనపడాలి అన్న రెండు ప్రశ్నలు ఇప్పుడు కెమెరా మోడల్ కంటే ముందు అడుగుతాను. మాస్టారు రెండోదానికి జవాబు వస్తూనే తెచ్చారు. మొదటిది నేను అడగక మూడు వారాలు పోయాయి.

ట్రైపాడ్ మీద నా నమ్మకం తగ్గింది. చెట్టు మీది పువ్వుకి, గదిలోని పువ్వుకి అది కావాలి. నేల మీది పువ్వుకి వడ్ల సంచి చాలు. ఇది నా అభిప్రాయం. నా తోటివాళ్లలో ఒప్పుకోనివాళ్లు ఉన్నారు.

పక్కనుంచి స్కేలు పెట్టి వీడియో తీయడం మాత్రం ఇప్పుడు ప్రతి మాక్రో క్లాసులో చేస్తున్నాను. నువ్వు కదులుతున్నావు అని నోటితో చెబితే ఒక్కరూ నమ్మరు.

మిగిలిపోయింది

గరిక. వేళ్లలా విచ్చుకునే ఆ వెన్నుల మీద ఒక్కో పువ్వు గుత్తి రెండు మిల్లీమీటర్లు. అందులోంచి ఊదారంగు కీలాగ్రాలు ఈకల్లా బయటికొస్తాయి. మాస్టారికి ఆ ఈకలు కావాలి. 1:1 చాలదు. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబులు వేసి ఇంకా దగ్గరికి వెళ్తే లెన్స్ నీడే పువ్వు మీద పడింది, ఫ్లాష్‌కి చోటు లేకపోయింది. కోసి ఇంటికి తెస్తే ఈకలు ముడుచుకుపోయాయి. తడిగుడ్డలో చుట్టి తెచ్చినా అంతే. పొలంలోనే కూర్చుని 20 ఫ్రేములు తీద్దామంటే గాలి ఒప్పుకోలేదు. చవితి ముందురోజు సాయంత్రం దాకా ప్రయత్నించి వదిలేశాం.

చార్టు అచ్చయింది. విష్ణుక్రాంత గడిలో నాలుగు పోగులూ లెక్కపెట్టొచ్చు. దేవదారు పక్కన గరిక గడిలో కూడా మాస్టారు పెన్సిల్‌తో గీసిన బొమ్మే ఉంది.